హేరోదు కుర్చీ

"ఇవాళ కూడా ఆడుకోవడానికేనా?" అన్నాడు విజయ్ కుమార్, చొక్కా కోసం చెయ్యి చాపి.

శాంతి ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి, వేడి తగ్గని చొక్కాని అతని చేతిలో పెట్టింది. ఆ మాట అతను కోపంగా అనలేదు. అతనికి కోపమే తక్కువ. నరసరావుపేటలో జూనియర్ కాలేజీ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాడు, వెనక బెంచీ వాళ్ల మీద కూడా గొంతు పెంచడు. వచ్చిన చిక్కల్లా అదే. అరిచే మొగుడి మీద తిరగబడితే న్యాయం మన వైపు ఉంటుంది. నవ్వుతూ, ముద్దుగా, సరిగ్గా పాప క్యారేజీ సర్దే వేళకి ఒక మాట విసిరిపోయే వాడితో ఏమని పోట్లాడాలి? పోట్లాడితే "నీకు జోకు కూడా అర్థం కాదు" అంటాడు. అప్పుడు తప్పు మళ్లీ ఆమెదే అవుతుంది.

శాంతి డ్రామా థెరపిస్టు. ఆ మాట చెప్పుకోవడానికి ఇంట్లో వాళ్లకి నోరు రాదు. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే విజయ్ "హాస్పిటల్ సైడు" అనేసి సాంబారు వడ్డించే వాడిని పిలుస్తాడు. అత్త ఫిలోమినా అయితే సూటిగానే అంటుంది. "ఏమే, చదువుకున్నదానివి, బ్యాంకులో చెయ్యొచ్చు, బళ్లో చెయ్యొచ్చు. నాటకాలాడే కోడలని మా రెంటచింతలలో ఎట్టా చెప్పుకునేది?" హైదరాబాదులో ఏడాది పాటు నేర్చుకున్న విద్యని ఒక్క ముక్కలో చెప్పమంటే, నోటితో చెప్పుకోలేని బాధని వేషం వేయించి చెప్పించడం అంటుంది శాంతి. ఊళ్లో ఒక స్వచ్ఛంద సంస్థలో ఆమె చేసేది అదే. మాట్లాడని పిల్లలు వస్తారు, తాగుడు మానలేక తంటాలు పడే మగవాళ్లు వస్తారు, నిద్ర పట్టని ఆడవాళ్లు వస్తారు. ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ వేసి, అందులో ఉన్నది నీ మొగుడనుకో, నీ అత్తనుకో, నీ భయమనుకో, మాట్లాడు అంటుంది. తర్వాత మనిషిని లేపి ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి, ఇప్పుడు వాళ్లలాగా మాట్లాడు అంటుంది. కొందరు ఏడుస్తారు, కొందరు పడీపడీ నవ్వుతారు. బయటి నుంచి చూస్తే ఆటలాగే ఉంటుంది, నిజమే. పైగా ఆ గదిలో అన్నది గది దాటకూడదు. అందుకని సాయంత్రం ఇంటికొచ్చి ఇవాళ ఇది చేశాను అని చెప్పుకునే వీలు కూడా లేదు. చెప్పని పనిని పని అని ఎవరనుకుంటారు?

ఆ రోజు గుండీలు పెట్టుకుంటూ విజయ్ ఇంకో సంగతి కూడా చెప్పాడు. సత్తెనపల్లిలో అతని స్నేహితుడు రవిశంకర్ నడిపే స్కూల్లో ఆఫీసు ఉద్యోగం ఖాళీ అయిందట. "జనవరిలో చేరుతుందని చెప్పేశాను. ఫ్యాను కింద కుర్చీ, ముందర టేబులు. ఎండనపడి ఊళ్లు తిరిగే బాధ ఉండదు. సరేనా?"

శాంతి తల ఊపింది. చేతులు అప్పటికి పాప జడలో ఉన్నాయి. ఊపింది తనేనా అన్న అనుమానం బస్సెక్కాక వచ్చింది. పెళ్లైన కొత్తలో నేర్చుకున్న ఊపు అది, ఇప్పుడు తను అనుకోకపోయినా తల దానంతటదే ఊగుతోంది. కాదనాలంటే జనవరి లోపే అనాలి. గొంతు పెగలని వాళ్లెందరికో గొంతు పెగిలించిన మనిషికి తన ఇంట్లో ఆ రెండక్షరాలు రావడం లేదు. ఈ పని పోతే తనలో ఇంకేం మిగులుతుందని ఆలోచిస్తే మాత్రం, బస్సు పిడుగురాళ్ల దాటే దాకా కిటికీ బయట ఏముందో కనబడలేదు.

ఆ శనివారం ఆమె పోతున్నది రెంటచింతలకే, అత్తగారి పుట్టింటి ఊరికి. నిద్ర లేదని, గుండె దడని, ఒళ్లంతా మంటలని మాటిమాటికీ ఆరోగ్య కేంద్రానికి వచ్చే ఆడవాళ్లని ఆశా వర్కర్ రేవతి పోగుచేసింది. గుడి పక్కన హాలు అడిగితే జయరాజు ఫాదర్ గారు ఇవ్వడమే కాదు, ఆదివారం పూజ అయ్యాక మైకులో చెప్పారు కూడా. నరసరావుపేట నుంచి డ్రామా మేడమ్ వస్తున్నారు, ఆడవాళ్లు శనివారం హాలుకి రావలసిందని. నవంబరు నెలలో, క్రిస్మస్ ముందర, గుడి హాలులోకి డ్రామా మనిషి వస్తోందంటే ఆ ఊళ్లో ఎవరైనా ఏమనుకుంటారు?

శాంతి వెళ్లేసరికి హాలు తిరనాళ్లలా ఉంది. ఒకామె అట్టముక్కలకి వెండి కాగితం అంటించిన రెక్కలు కట్టుకొచ్చింది. ఇంకొకామె మనవరాలి ప్లాస్టిక్ బొమ్మని తువ్వాల్లో చుట్టి, బాలయేసని ఒళ్లో పడుకోబెట్టుకుంది. ఒక ముసలామె గొర్రెల కాపరి కర్ర తెచ్చుకుంది. గుడి డ్రామాకి ఏటా బట్టలు కుట్టే జైనాబ్ బీ మెడలో టేపు వేసుకుని కొలతలు తీయడానికి కాచుకుని ఉంది. వేషాలు ఎవరికి పంచుతారా అని అందరూ గుమ్మం వైపే చూస్తున్నారు.

రేవతి తల పట్టుకుంది. "మేడమ్, పండగ డ్రామా అనుకున్నారు. చెప్పి పంపించేదా?"

శాంతికి మొదట నీరసం వచ్చింది. వారమంతా కూర్చుని వేసుకున్న పథకం గంగలో కలిసింది. తర్వాత ఆ మొహాలు చూసింది. దడ బిళ్లలు మింగే మొహాలు కావవి, పరీక్ష పాసయ్యామో లేదో చూసుకోవడానికి వచ్చిన పిల్లల మొహాలు. పంపించబుద్ధి కాలేదు. అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, తను వచ్చింది పండగ డ్రామాకి కాదని, నిద్ర పట్టని వాళ్ల కోసమని ఉన్నదున్నట్టు చెప్పింది. ఇష్టం లేనివాళ్లు వెళ్లొచ్చు అంది. ఒక్కరు లేస్తే ఒట్టు.

"నిద్ర సంగతి తర్వాత చూద్దువులే గానీ, వేషాలెప్పుడిస్తావమ్మా?" అంది రెక్కలామె.

ఆ గుడి డ్రామాకి ఒక పద్ధతి ఉంది. మరియమ్మ వేషం పెళ్లికాని పిల్లకి. సమ్మనసులు, అంటే దేవదూతలు, చిన్నపిల్లలు. మిగతావన్నీ మగవాళ్లవి. పెళ్లైన ఆడవాళ్లకి స్టేజీ మీద పని లేదు. వాళ్లు అంగీలు ఉతకాలి, ఇస్త్రీ చెయ్యాలి, వేషాలు వేసే వాళ్లకి కోడి కూర వండాలి, పరదా వెనక నిలబడి మర్చిపోయిన మాటలు అందివ్వాలి. కాబట్టి ఇప్పుడు అడిగితే అందరూ మరియమ్మే అంటారనుకుంది శాంతి. "ఎవరికి ఏ వేషం కావాలి?"

"హేరోదు," అంది శౌరమ్మ.

శౌరమ్మకి అరవై దాటాయి. మిరప తోటల్లో వంగీ వంగీ నడుం ఆ వంపులోనే ఉండిపోయింది. ఆమె భర్త ఇన్నయ్య ఆ ఊరికి ఎప్పటినుంచో హేరోదు రాజు. ఏటా ఆయనకి అంగీ ఇస్త్రీ చేసేది, కాటుకతో మీసం దిద్దేది, మాటలు అందిచ్చేది శౌరమ్మే.

"బాలయేసుని చంపించాలని చూసిన రాజు, అందర్లోకీ చెడ్డవాడు గదా అత్తా, ఆయనెందుకు?" అంది రేవతి.

"చూడు మరి. మరియమ్మ నిండు నెలలతో గాడిదెక్కి పోద్ది. ఆమె మొగుడు జోజప్ప కాళ్లరిగేటట్టు నడుస్తాడు. కాపర్లు చలిలో పడుంటారు. ముగ్గురు రాజులు రాజులే గానీ ఎడారంతా తిరుగుతారు. డ్రామా మొత్తం మీద కుర్చీలో కూర్చునేది ఒక్క హేరోదే," అంది శౌరమ్మ.

హాలు గొల్లుమంది. నవ్వు ఆగాక ఇంకొకామె "నాకూ అదే కావాలి" అంది. తర్వాత ఇంకొకామె. బొమ్మని ఎత్తుకున్నామె బొమ్మని పక్కనబెట్టి మరీ చెయ్యెత్తింది. జైనాబ్ బీ ఒక్కతే తల అడ్డంగా ఊపింది. తనకి తూర్పు దేశం రాజు వేషం చాలట. "కుట్టు మిషన్ ముందర కూర్చునే ఉంటా గదమ్మా రోజంతా. నాకు తిరగాలని ఉంది. మాచర్ల దాటి ఎరగను," అంది.

శాంతి తన పథకం కాగితాలు సంచిలో పెట్టేసింది. ఇంతకంటే మంచి తలుపు ఏ కోర్సూ తీసి ఇవ్వలేదు. హాలు మూలనున్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, మీద ఎర్ర చీర కప్పి మధ్యలో వేసింది.

శౌరమ్మ కూర్చుంది, అంచు మీద. ఎవరైనా పిలిస్తే లేచిపోవడానికి వీలుగా. "వెనక్కి ఆనుకోండి," అంది శాంతి. ఆనుకుంది. కాళ్లు చాపమంటే చాపింది. ఆ తర్వాత ఎవరి వంకా చూడకుండా, గొంతు మార్చి అంది.

"నీళ్లు."

రెక్కలామె పరుగెత్తి గ్లాసు తెచ్చింది. శౌరమ్మ ఒక గుక్క తాగి, మొహం అదోలా పెట్టింది. "చల్లగా లేవు." గ్లాసు వెనక్కి పోయింది. మళ్లీ వచ్చింది. "మరీ ఇంత చల్లగానా, నా గొంతు ఏమైపోవాలి?" అన్నంలో రాయి అంది. పప్పులో ఉప్పు లేదంది. తువ్వాలెక్కడంది, భుజం మీద పెట్టుకునే. అది ఇన్నయ్యేనని ఊరంతటికీ తెలుసు, తమ తమ ఇళ్లలోని ఇన్నయ్యలు కూడా అందులో ఉన్నారని ప్రతి ఒక్కరికీ తెలుసు. నవ్వి నవ్వి ఒకామెకి ఎక్కిళ్లొచ్చాయి. జైనాబ్ బీ టేపుతో కళ్లు తుడుచుకుంది. అంత నవ్వు మధ్యలో శౌరమ్మ మాత్రం ఉన్నట్టుండి ఆగిపోయి, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టి చూసుకుంది. "ఆయనుండగా ఇంట్లో కుర్చీ ఎక్కి ఎరగను నేను. గడప మీదే తిన్నా ఇన్నాళ్లూ. కూర్చుంటే ఇంత హాయిగా ఉంటదా?" అంది మామూలు గొంతుతో. ఆ ఒక్క మాటకే కొందరు తలొంచుకున్నారు.

వేషం వేసిన వాళ్లు దాన్ని దించి గానీ ఇంటికి పోకూడదు. అది శాంతి విద్యలో గట్టి నియమం. లేకపోతే ఆ కోపమో ఆ దుఃఖమో వెంట వస్తుంది. అందుకని వెళ్లేముందు ఒక్కొక్కరే కుర్చీని తువ్వాలుతో దులిపి, భుజాలు దులుపుకుని, తన పేరు, తనకి ఇష్టమైనది ఒకటి చెప్పాలి. "నేను హేరోదుని కాను. నేను శౌరమ్మని. నాకు ఎండుచేపల పులుసంటే ఇష్టం." రెక్కలామెకి తన ఇష్టం వెంటనే గుర్తు రాలేదు. మొగుడికేది ఇష్టమో, కొడుక్కేది ఇష్టమో గడగడా చెప్పింది. వచ్చే వారానికి ఆలోచించుకొస్తానంది, పాఠం అప్పజెప్పని పిల్లలాగా. మిగతావాళ్లందరూ చెప్పారు. చివర్న అందరూ శాంతి వైపు చూశారు. ఆమె నవ్వి సంచి భుజాన వేసుకుంది. చెప్పించేవాళ్లు చెప్పరు అనుకుంది. అదీ నియమమేనా, లేక తనకీ గుర్తు రాలేదా అన్నది గురజాల దాకా తేలలేదు.

అట్లా శనివారాలు గడిచాయి. బస్సులో వెళ్లేటప్పుడు తనలో తను నవ్వుకునే ఆడదాన్ని చూసి కండక్టరు కూడా నవ్వడం నేర్చుకున్నాడు. శాంతికి ఆ రోజుల్లో ఎంత సంతోషంగా ఉండేదంటే, ఇంట్లో గిన్నెలు తోముతూ హేరోదు గొంతుతో "నీళ్లు" అనుకునేది. శౌరమ్మకి నిద్ర పడుతోందని రేవతి ఫోన్ చేసింది. డ్రామా వేయాల్సిందేనని ఆడవాళ్లు పట్టుబట్టారు. లోపల మొగుళ్ల మీద అనుకున్నవన్నీ లోపలే ఉంటాయి, స్టేజీ మీద అసలు డ్రామా మాటలే ఉంటాయి అని ఒప్పందం చేసుకున్నారు. ఆడవాళ్లు మీసాలు పెట్టుకుంటే జనం నవ్వుతారేమోనని ఫాదర్ గారు కాస్త నసిగారు. "నవ్వనీయండి ఫాదర్, పండగే గదా," అంది శౌరమ్మ. ఇన్నయ్య అలిగి రెండు పూటలు అన్నం తినలేదు. "వంట తప్పిందమ్మా, హాయిగా పడుకున్నా," అని ఆవిడ శాంతికి చెప్పింది.

సంగతి నరసరావుపేటకి పాకింది. శౌరమ్మ, ఫిలోమినా ఒకే బళ్లో చదువుకున్నవాళ్లు.

"ఇన్నయ్య ఉండగానే అది హేరోదా?" అని బుగ్గలు నొక్కుకుంది ఫిలోమినా. మర్నాడు గోంగూర వలుస్తూ తనే మొదలుపెట్టింది. "ఏమే, నాకో వేషం ఇవ్వకూడదా?"

"ఇంటివాళ్లని గుంపులో కలపకూడదు అత్తయ్యా. మా రూలు."

"ఊరందరికీ రాజ్యాలు పంచిపెట్టి, అత్త దగ్గరికొచ్చేసరికి రూలు." ఫిలోమినా ఆకు వలవడం ఆపింది. "పదో తరగతిలో నేనే మరియమ్మని. తెలుసా నీకు? నన్ను చూట్టానికి దుర్గి నుంచి కూడా వచ్చారు జనం. మర్సటేడు పెళ్లి. ఆ పైన పండక్కి పుట్టింటికొచ్చినప్పుడల్లా జోజప్ప అంగీ ఇస్త్రీ చెయ్యడమే నా వేషం. అదే స్టేజీ, అదే పరదా. ఈ పక్కనున్నదాన్ని ఆ పక్కకి పోయా."

ఇన్నేళ్లు ఒకే వంటింట్లో తిరిగి, శాంతికి ఆ సంగతి తెలియదు. నాటకాలాడే కోడలు అని ఆవిడ ఈసడించినప్పుడల్లా ఆ ఈసడింపులో ఏముందో వినవలసిన పనే తనది, వినలేదు. ఆమెకి అత్త మీద ఒక్కసారిగా ప్రేమ పొంగింది. రూలు రూలే కాబట్టి ముందు వరసలో కుర్చీ వేయిస్తానని మాట ఇచ్చింది.

పండగ సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, గుడి ముందర స్టేజీ మీద డ్రామా మొదలైంది. విజయ్ పాపని ఒళ్లో పెట్టుకుని తల్లి పక్కన కూర్చున్నాడు. పరదా వెనక శాంతి అందరి తలపాగాలు సరిచేస్తుంటే ఇన్నయ్య వచ్చాడు. చేతిలో కాటుక భరిణె. మొహం ఇంకా ముడుచుకునే ఉంది. "మీసం అట్టా కాదు, ఇటు తిరుగు," అన్నాడు పెళ్లాంతో. ఏటా తన మొహం మీద దిద్దిన మనిషి మొహం మీద ఇప్పుడు ఆయన దిద్దాడు. అలవాటు లేక ఒక పక్క మీసం చెవి దాకా పోయింది. శౌరమ్మ కదలకుండా కళ్లు మూసుకుని కూర్చుంది. ఆయన ఆమె మొహాన్ని అంత దగ్గరగా చూసి ఎన్నేళ్లయిందో.

తూర్పు రాజు జైనాబ్ బీ పొడవాటి అంగీ ఈడ్చుకుంటూ స్టేజీ చుట్టూ ఒక్కసారి తిరగాల్సింది మూడుసార్లు తిరిగింది. ఎంత తిరిగినా ఎడారి అయిపోవడం లేదు. జనం ఈలలు వేశారు. హేరోదు కుర్చీలో కూర్చోగానే నవ్వారు, నోరు తెరవగానే ఆగిపోయారు. ఒక్క మాట తడబడలేదు. పరదా వెనక మాటలు అందివ్వడానికి నిలబడ్డ ఇన్నయ్యకి పనే పడలేదు. అందరికంటే గట్టిగా నవ్వింది, అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఫిలోమినా.

డ్రామా అయిపోయింది. అందరూ లేచారు. హేరోదు లేవలేదు. శాంతి తువ్వాలు పట్టుకుని దగ్గరికి వెళ్లింది. "వేషం దించాలి అత్తా."

"దించుతాలే. ఇంకాసేపు కూర్చోనీ." శౌరమ్మ ఆమె వంక ఎగాదిగా చూసింది. "అందర్నీ ఇందులో కూర్చోబెట్టావు గానీ, నువ్వెప్పుడన్నా కూర్చున్నావా? ఎప్పుడు చూసినా నిలబడే ఉంటావు." అంటూనే లేచి, శాంతి జబ్బ పట్టి లాగి కుర్చీలో కూర్చోబెట్టింది.

అంచు మీద కూర్చుంది శాంతి. శౌరమ్మలాగే. అది తెలిసి తనకే నవ్వొచ్చింది. వెనక్కి ఆనుకుంది. అక్కడి నుంచి చూస్తే మీసాల ఆడవాళ్లు, రెక్కల ఆడవాళ్లు, బొమ్మని ఎవరి చేతికో ఇచ్చి మరీ గంతులేసే ఆడవాళ్లు, అందరూ కనిపించారు. ఇదంతా నేను చేసిన పనే అనుకుంది, ఎలాంటి మొహమాటమూ లేకుండా. ముందు వరసలో విజయ్ కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొడుతున్నాడు. మంచివాడే. రేప్పొద్దున చొక్కా కోసం చెయ్యి చాపి మళ్లీ అదే మాట అంటాడు. తను చెప్పేదాకా అతనికి తెలియదు, తెలుసుకోవలసిన అవసరం అతనికెప్పుడూ రాలేదు.

మర్నాడు పొద్దున నరసరావుపేటలో విజయ్ పేపరు చదువుతూ, "నిన్న భలే నవ్వించారు మీవాళ్లు. సరే గానీ, రవిశంకర్ ఫోన్ చేశాడు, రెండో తారీకున చేరమంటున్నాడు. ఏదీ, కాస్త టీ ఇవ్వు," అన్నాడు.

తల ఊగబోయింది. శాంతి దాన్ని ఆపింది. వంటింటి గుమ్మం దగ్గర నుంచి తువ్వాలు తెచ్చి, హాల్లో ఖాళీగా ఉన్న కుర్చీని దులిపింది. తన భుజాలు కూడా దులుపుకుంది. తర్వాత ఆ కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. విజయ్ పేపరు దించి చూశాడు.

"నేను శాంతిని," అంది ఆమె. "నేను డ్రామా థెరపిస్టుని. అది నా పని, ఆట కాదు. సత్తెనపల్లిలో చేరనని రవిశంకర్ గారికి మీరే చెప్పండి, మాటిచ్చింది మీరు కాబట్టి. నాకు కూర్చుని వేడివేడిగా టీ తాగడమంటే ఇష్టం."

విజయ్ నవ్వబోయాడు. ఆమె నవ్వడం లేదని చూసి మానేశాడు. సాయం కోసం తల్లి వైపు తిరిగాడు. ఫిలోమినా అప్పటికే కోడలి పక్కనున్న కుర్చీ లాక్కుని, చీర కొంగుతో ఒకసారి దులిపి, కూర్చుని, కాళ్లు చాపింది.

"ఒరేయ్ విజయ్," అంది. "టీ పొడి ఆ పాత బిస్కెట్ల డబ్బాలో ఉంటది. మూత బిగువు, చూసుకుని తియ్యి. రాజు గారికొకటి పెట్టు, మరియమ్మకొకటి పెట్టు."